మంత్రిగారి చీకటి తనిఖీ

“నేటి నుంచి మన దేశంలో పవర్‌కట్ అనే మాట లేదు,” అని విద్యుత్తు, ప్రయాణాల శాఖ మంత్రి లువాండిలే మాకుబాలో గారు కేప్‌టౌన్‌లో ప్రకటించారు. “ఉన్నది ప్రణాళికాబద్ధమైన విశ్రాంతి. తీగలూ మనుషుల్లాంటివే. అలసిపోతాయి.”

చప్పట్లు మోగాయి. పవర్‌కట్‌ని తీసేయడం ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు. ఆ మాటని తీసేయడం ఆయనవల్ల అయింది. ఇలాంటివి గొప్పవాళ్ళకే తోస్తాయి.

విశ్రాంతి వేళ ప్రయాణికులకు ఏ లోటూ రానివ్వని లాడ్జీకి ‘చీకటికి చుట్టం’ అని పచ్చబోర్డు ఇస్తారట. మొదటి బోర్డు కోసం కరూ మైదానంలోని విట్‌ఫోంటైన్‌కి మంత్రిగారే దయచేస్తున్నారు. ఆ ఊళ్ళో లాడ్జీలు రెండు. పెట్రోలు బంకు పక్కన జనరేటరున్నది ఒకటి, నోమవేతుది ఒకటి.

ఈ కబురు నోమవేతుకి బస్సుల ఆసామి ఫాన్ రెన్స్‌బర్గ్ మోసుకొచ్చాడు.

“బోర్డు నీ గోడమీదుంటే నా బస్సులు నీ దగ్గరే ఆగుతాయి నోమవేతూ. లేదంటే బంకు దగ్గర.”

“ఇన్నాళ్ళూ నా పులుసు తిన్న నోటితోనే అంటున్నావా?”

“పులుసుకి వంకపెట్టానా తల్లీ? కంపెనీకి బోర్డు కావాలి.”

బస్సులు ఆగకపోతే లాడ్జీకి తాళమే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

విట్‌ఫోంటైన్‌ని పెద్దరోడ్డు రెండు ముక్కలు చేస్తుంది. ఇటు ఏ బ్లాకు, అటు బి బ్లాకు. ఇటు కరెంటు పోతే అటు ఉంటుంది, అటు పోతే ఇటు. అందుకే ఆ ఊరివాళ్ళు పిల్లనిచ్చినా తెచ్చుకున్నా రోడ్డు అవతలే చూస్తారు. నోమవేతు చెల్లెల్ని కూడా అటే ఇచ్చారు. దీపాలారగానే లాడ్జీలో దిగినవాళ్ళు తువ్వాలు భుజానేసుకుని, రోడ్డు దాటి, చెల్లెలింట్లో ఫోన్లు చార్జింగుకి పెట్టి, వేణ్ణీళ్ళు పోసుకుని వస్తారు. ఈలోగా ఇవతల నిప్పులమీద మూడుకాళ్ళ ఇనపకుండలో గొర్రెమాంసం ఉడుకుతుంది. ఎవరూ ఎన్నడూ పల్లెత్తు మాటనలేదు.

తనిఖీ రోజు వచ్చింది. చలికాలం, పెందలాడే పొద్దు గూకింది. ఇటు కరెంటు కోత ఆరింటికి. మంత్రిగారు, వెంట వచ్చిన తనిఖీ కమిటీవారు వసారాలో కుర్చీలు వేయించుకుని చీకటి కోసం ఎదురుచూశారు. ఆరు దాటింది. బల్బు వెలుగుతూనే ఉంది.

“ఏమయ్యా, విశ్రాంతి ఏదీ?” అన్నారు మంత్రిగారు.

కరెంటు ఇంజనీరు పీటర్సన్ ఛాతీ విరుచుకున్నాడు. “తమరొస్తున్నారని ఇవాళ్టికి కోత తీసేశాం సార్.”

“చీకటి లేకుండా చీకటి తనిఖీ ఎలా చెయ్యమంటావ్?”

“తమరున్నచోట కోత ఉండకూడదని రూలు సార్. సంతకం తమదే.”

“అయితే ఇప్పుడు కరెంటు తీసెయ్యి.”

“టైము దాటాక పోతే దాన్ని కోత అనరు సార్. బ్రేక్‌డౌన్ అంటారు. అది వేరే మంత్రిగారి శాఖ.”

“ఆయనకి పేరు రానిస్తానా!”

మంత్రిగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. అవతలి బి బ్లాకు వంతు ఎనిమిదింటికి. అక్కడికక్కడే లాడ్జీని బి బ్లాకులో కలిపేశారు. ఎనిమిదిని ఆరుకి జరిపేశారు. కార్యదర్శి ఆ ఉత్తర్వుని లేచి నిలబడి చదివాడు. బల్బుకి చదువు రాదు కనక వెలుగుతూనే ఉంది.

“కుండ అడుగంటుతోందయ్యా,” అంది నోమవేతు.

“ప్రభుత్వం పనిచేస్తోందమ్మా. ఆగాలి.”

తనిఖీ చూడ్డానికొచ్చి ఓ పక్కన నిలబడ్డ ఫాన్ రెన్స్‌బర్గ్ బంకు వైపు చూడడం మొదలుపెట్టాడు. అది నోమవేతు చూసింది. గరిటె కుండలో వదిలేసి, లోపలికెళ్ళి మెయిన్ స్విచ్ కిందికి లాగింది.

చిమ్మచీకటి.

లాడ్జీలో దిగినవాళ్ళు అలవాటు ప్రకారం తువ్వాళ్ళతో బయల్దేరారు. ఎవరో ముసలామె కూనిరాగం తీస్తూ రోడ్డు దాటింది. కుండ దగ్గర గరిటె చప్పుడు మళ్ళీ మొదలైంది. లోటన్నది లేదు.

అప్పుడు ఎవరిదో చెయ్యి వచ్చి నోమవేతు చేతిని గట్టిగా పట్టుకుంది. మెత్తటి చెయ్యి. చెమట పట్టింది.

“భయం లేదు నాయనా, రా,” అంది ఆమె.

“అమ్మా,” అందో గొంతు, వినీ వినపడనట్టుగా. “ఇదేనా అది?”

“ఏది?”

“అదే... పవర్‌కట్.”

“ఎప్పుడూ చూళ్ళేదా?”

“వినడమే.”

పాపమనిపించి, చెయ్యి వదలకుండా రోడ్డు దాటించింది. చెల్లెలి వాకిట వెలుతురు పడగానే మంత్రిగారు చెయ్యి విడిపించుకుని, కోటు సవరించుకుని, కారు పిలిపించుకున్నారు.

తెల్లారేసరికి పచ్చబోర్డు బంకు లాడ్జీ గోడమీదుంది.

కార్యదర్శి ఫోన్ చేశాడు. “ఏమీ అనుకోకమ్మా. నీ దగ్గర చీకట్లో కమిటీకి ఏమీ కనపళ్ళేదు. బంకు దగ్గర జనరేటరుంది కదా, అన్నీ శుభ్రంగా కనపడ్డాయి.”

“అలాగే బాబూ,” అంది నోమవేతు. “ఒక్క సందేహం. పత్రికలవాళ్ళొచ్చి వాకిట్లో కూచున్నారు. మంత్రిగారు నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటారు కదా, కుడిచెయ్యా ఎడమచెయ్యా అంటున్నారు. నాకా గుర్తు లేదు. ఆయన్నడిగి చెబుతావా?”

వాకిట్లో కోళ్ళు తప్ప ఎవరూ లేరు. “మళ్ళీ చేస్తానమ్మా,” అని కార్యదర్శి ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నానికి బోర్డు బంకు గోడ దిగి నోమవేతు గోడెక్కింది. సాయంత్రం వేళ తప్పకుండా కరెంటు పోయింది. బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు దిగుతూనే తువ్వాలడిగాడు.

మర్నాడు పత్రికలో మంత్రిగారి ఫొటో వేశారు. కింద ఇలా ఉంది: “చీకట్లోనూ ఆగని తనిఖీ. ఏర్పాట్లన్నీ స్వయంగా చేత్తో తడిమి నిర్ధారించిన మాకుబాలో.”