రేడాన్ బయటకు పోవుటకు దరఖాస్తు

మానవజాతి గాలి పీల్చడం మొదలుపెట్టి లక్షల ఏళ్ళయినా, ఆ పనికి ఒక పద్ధతంటూ ఏర్పడింది మాత్రం మొన్నటి వేసవిలోనే, అనంతపురం కళ్యాణదుర్గం రోడ్డులోని మేఘమాల రెసిడెన్సీలో. (మేఘమాల అని పేరు పెట్టిన బిల్డరు మంచి ఆశావాది. తన ఇల్లు మాత్రం బెంగుళూరులో కట్టుకున్నాడు.)

రేడాన్ అని ఒక వాయువుంది. రాతిలోంచి, మట్టిలోంచి పుట్టి, పునాది పగుళ్ళలోంచి ఇంట్లోకి వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. మూసిన గదుల్లో పోగుపడి, ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చిపెట్టగలదు. దాన్ని తగ్గించే మార్గాల్లో అన్నిటికన్నా తేలికైనది కిటికీ తెరవడం. ఇంత తేలికైన పనిని జనం చేతుల్లో వదిలేయడం ప్రమాదమని గ్రహించిన పెద్దలు ‘గృహాంతర వాయు సంచార శాఖ’ను స్థాపించారు. ఆ శాఖ ఆఫీసుకు ఏసీ ఉంది కాబట్టి కిటికీలు పెట్టలేదు.

మేఘమాలలో గ్రౌండ్ ఫ్లోరు కిటికీలు తెరుచుకోవు. చెనక్కాయ నూర్పిళ్ళప్పుడు లేచే దుమ్మంతా ఆ కిటికీల్లోంచి దూరి వరండాలోని నల్ల గ్రానైటు మీద పడుతోందని, అసోసియేషన్ ప్రెసిడెంటు జయచంద్ర రెక్కల సందుల్లో సిలికాన్ జిగురు పూయించాడు. దానికిగాను ‘ధూళిరహిత భవనం’ అని షీల్డు కూడా వచ్చింది. ఆ షీల్డు మీది దుమ్మును వాచ్‌మన్ రోజుకు రెండుసార్లు తుడుస్తాడు.

నూట రెండో నంబరు ఇంట్లో పుష్పావతి అద్దెకుంటుంది. మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. ఆమె తండ్రి చెన్నప్ప నలభై ఏళ్ళు క్వారీలో రాళ్ళు కొట్టాడు. ఆయన ఊపిరితిత్తులు ఇప్పటికే సగం పాడయ్యాయని, పడుకునే గదిలో గాలి ఆడకపోతే కష్టమని డాక్టరు చెప్పాడు. కిటికీ మీద చెయ్యి వేస్తే ఇల్లు ఖాళీ చేయాలని జయచంద్ర చెప్పాడు. ఇద్దరూ మర్యాదగానే చెప్పారు.

పుష్పావతి తండ్రి పేరు మీద శాఖకు దరఖాస్తు పెట్టింది. శాఖ తరఫున ఉప వాయు పర్యవేక్షకుడు తిప్పేష్ వచ్చి, అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి గదిలో పెట్టి, కొన్నాళ్ళకు తీసి చూసి, రేడాన్ పరిమితి దాటిందని తేల్చాడు. పుష్పావతికి ప్రాణం లేచొచ్చింది.

“అట్లయితే కిటికీ తెరిపించండి సార్.”

“తెరిపిస్తామమ్మా. తెరిస్తే ఆ గ్యాసు యాడికి పోతాది? పైకి. పైనుండేది ఎవరో వాళ్ళ నిరభ్యంతర పత్రం కావల్ల.”

పైన ఉండేది జయచంద్రే.

“మీ ఇంట్లో పుట్టిన గాలి మీ ఇంట్లోనే ఉండల్ల గదమ్మా. నా ఇంటి మీదికి తోలితే ఎట్లా?” అన్నాడాయన, తన బాల్కనీలో నిలబడి, హాయిగా గాలి పీల్చుకుంటూ.

“అది మా ఇంట్లో పుట్టల్యా సామీ. నేలలో పుట్టినాది,” అన్నాడు చెన్నప్ప కింద నుంచి.

“నేల గ్రౌండ్ ఫ్లోరోళ్ళ బాధ్యత. బైలాలో ఉండాది, సూసుకో.”

వివాదం తలెత్తింది కాబట్టి, నిబంధనల ప్రకారం రెండో పరీక్ష అవసరమైంది. తొంభై రోజులు తలుపులు, కిటికీలు మూసే ఉంచాలి. నివాసులు లోపల మామూలుగా జీవించాలి. (మామూలుగా అంటే ఏమిటో అనుబంధం నాలుగులో ఉంది. అనుబంధం నాలుగు ముద్రణలో ఉంది.) ఇరవయ్యో రోజుకు చెన్నప్ప ఊపిరాడక, చాప తీసుకుని పార్కింగులోకి పోయి పడుకున్నాడు. తనిఖీకి వచ్చిన తిప్పేష్ రిజిస్టరులో ఇలా రాసుకున్నాడు: ‘సంబంధిత ఊపిరితిత్తులు పరీక్షా కాలంలో స్థలమందు లేవు.’ తొంభై రోజులూ మళ్ళీ ఒకటి నుంచి మొదలయ్యాయి.

పుష్పావతికి కడుపు మండిపోయింది. ఎవరికి మండదు? కత్తెర చేతిలో పెట్టుకునే శాఖ ఆఫీసుకు పోయింది.

“ఏం సార్, మా నాయన సచ్చినాక తెరుస్తారా కిటికీ?”

తిప్పేష్ చెడ్డవాడు కాదు. ఫైలు తిరగేసి, నిజంగానే బాధపడ్డాడు.

“అంత మాట అనొద్దమ్మా. అట్లయితే దరఖాస్తుదారు మారిపోతాడు. నువ్వు మళ్ళా మొదట్నుంచి పెట్టుకోవల్ల.”

ఆమె ఇంటికి వచ్చి, తండ్రిని గదిలోనే ఉండమని బతిమాలింది. ఆయన ఉన్నాడు. దగ్గుతూ, గోడ మీద బొగ్గుతో రోజులు గీసుకుంటూ, కూతురి కోసం తొంభై రోజులూ ఉన్నాడు. ఈసారి పెట్టెలో అంకె ముందుకన్నా పెద్దది వచ్చింది. తిప్పేష్ చెన్నప్ప చెయ్యి పట్టుకుని ఊపాడు. జయచంద్ర కూడా మెత్తబడి, గాలి తన బాల్కనీ వైపు చూడకుండా తూర్పుకు తిరిగి పోవాలన్న షరతు మీద సంతకం పెట్టాడు.

మంగళవారం పొద్దున ఆదేశం వచ్చింది. తిప్పేష్, ఫోటో తీసే మనిషి, మైదాపిండి జిగురు బకెట్టు, అన్నీ వచ్చాయి. ఆదేశాన్ని సంబంధిత వస్తువు మీదే అతికించాలని నియమం. రెండు మూరల కాగితాన్ని కిటికీ రెండు రెక్కల మీదుగా, నడుమ ముడత లేకుండా, నాలుగు మూలలూ గట్టిగా అతికించి ఫోటో తీశారు. చదువు రాని చెన్నప్ప కూతురి చేత చదివించుకున్నాడు. స్వచ్ఛమైన గాలి ప్రతి పౌరుడి హక్కు అని, ఈ కిటికీని వెంటనే తెరవవలసిందని, ఈ కాగితాన్ని చించినా, కదిపినా శిక్షార్హులని అందులో ఉంది.

“బాగా రాసినారు. ఇంగ తెరుద్దామా?” అన్నాడు చెన్నప్ప, దగ్గు ఆగాక.

“తెరిస్తే ఆర్డరు చిరిగిపోతాదన్నా,” అన్నాడు తిప్పేష్, బకెట్టు ఎత్తుకుంటూ.

శాఖ రికార్డుల్లో ఆ కిటికీ ఆ రోజు నుంచి తెరిచే ఉంది.