డోరిన్‌కి ఒంట్లో బాగోలేదు

బుధవారం పొద్దున ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తూ నార్మన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మీటింగులో డోరిన్ పేరు ఎత్తాలి, గెలవాలి, భోజనానికి వెళ్లాలి.

మినియాపొలిస్‌లో అతను పనిచేసే కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్‌లు తయారుచేస్తుంది. కంప్యూటర్ వాడేవాళ్లు రకరకాలు కాబట్టి, ఒక్కో రకానికి ఒక్కో మనిషిని ఊహించి, పేరూ వయసూ పెట్టి, వాళ్లకు నచ్చేలా పనిచేయడం అక్కడి ఆనవాయితీ. అన్ని మీటలూ తన చేతిలోనే ఉండాలనే ట్రావిస్‌ను సృష్టించింది కోల్బీ అనే కుర్ర ఇంజనీరు. ఏది నొక్కితే ఏం పేలుతుందోనని హడలిపోయే అరవై ఎనిమిదేళ్ల డోరిన్‌ను సృష్టించింది నార్మన్. ఆమె కోసమే అతను రెండేళ్లు కష్టపడి, పెద్ద పెద్ద అక్షరాలతో సులువు తెర ఒకటి తయారుచేశాడు. ఎవరు అడ్డం చెప్పినా "డోరిన్ బెదిరిపోతుంది" అనేవాడు. లేని మనిషితో ఎవరు వాదించగలరు?

కొత్తగా వచ్చిన పై అధికారి ఆర్డిత్‌కు ఈ ఆనవాయితీ తెలియదు. మీటింగులో ఖర్చు దండగని సులువు తెరను ఎత్తేయబోయిన ఆవిడ, డోరిన్ భయాల గురించి విని, నిజం మనిషే అనుకుని కరిగిపోయింది. "శుక్రవారం ఆమెను తీసుకురా నార్మన్. ఆమె వాడుతుంటే కళ్లారా చూసి, అప్పుడు తేలుస్తాను" అంది. నిజం చెప్పేస్తే అక్కడితో పోయేది. కానీ తెర కూడా పోతుంది. ఆ బెంగతో నార్మన్ నోట "డోరిన్‌కి ఒంట్లో బాగోలేదండీ" అని వచ్చేసింది.

ఆర్డిత్ మంచి మనిషి కావడమే అతని కొంప ముంచింది. పువ్వులు పంపుతాను, చిరునామా చెప్పమంది. ఆ కంగారులో అతనికి గుర్తొచ్చిన చిరునామా ఒక్కటే, సొంత ఇంటిది.

శుక్రవారం అతను అటు ఆఫీసుకు బయల్దేరగానే ఇటు పూలగుత్తి ఇంటికి చేరింది. తలుపు తీసింది అతని భార్య గ్రెటా. డోరిన్ త్వరగా కోలుకోవాలనీ, ఆమె లేకపోతే నార్మన్‌కు కాలూ చెయ్యీ ఆడదనీ కార్డు మీద ఉంది. గ్రెటా కోటు తగిలించుకుని, పూలగుత్తితో సహా తిన్నగా ఆఫీసుకు వచ్చింది. గుమ్మంలో ఎదురైన కోల్బీని డోరిన్ ఎవరని అడిగింది. అడిగింది నార్మన్ భార్య అని తెలియక అతను ఉన్నమాటే చెప్పాడు. "నార్మన్‌కి ఆవిడంటే ప్రాణమండీ. రెండేళ్లుగా ఆవిడని తలుచుకోకుండా ఒక్క పనీ చెయ్యలేదు."

మీటింగు గది తలుపు తెరుచుకుంది.

"డోరిన్ ఏది?"

"డోరిన్ లేదు గ్రెటా."

"నేనొస్తున్నానని తెలిసి పంపించేశావా?"

ఇక దాచి లాభం లేదు. నార్మన్ భార్యకూ అధికారికీ ఒకేసారి నిజం చెప్పుకున్నాడు. గ్రెటా నమ్మలేదు. ఆర్డిత్ నమ్మింది, అదే ఘోరం. "అంటే ఈ తెర ఎవరి కోసమూ కాదన్నమాట" అని ఆవిడ దాన్ని కొట్టేయడానికి కలం తీసింది.

నార్మన్‌కు ఏడుపొచ్చినంత పనైంది. అలాంటివాళ్లు ఊరినిండా ఉన్నారని బతిమాలాడు. డోరిన్ పొయ్యి ఆపానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి వస్తుందన్నాడు. రోజూ వండే సూప్ అయినా డబ్బా మీద రాసింది మొదటినుంచీ చదువుతుందన్నాడు. బ్యాంకు మిషన్ కీచుమంటే దానికి సారీ చెబుతుందన్నాడు. వింటున్నకొద్దీ గ్రెటా ముఖంలో కోపం సడలి, పూలగుత్తి మెల్లగా బల్ల మీదికి దిగింది.

"నార్మన్, ఆగు" అంది. "సూప్ డబ్బా చదివేది నువ్వు. మొన్న బ్యాంకు మిషన్‌కి సారీ చెప్పింది నువ్వు. నిన్న పొద్దున పొయ్యి చూడ్డానికి వెనక్కొచ్చిందీ నువ్వే. ఆ డోరిన్ నువ్వేనయ్యా."

గదిలో అందరూ నార్మన్ వైపు తిరిగారు. ముసలావిడ మనసు ఇంత బాగా ఎలా తెలిసిందని రెండేళ్లుగా తనను తానే మెచ్చుకుంటున్న మనిషి సిగ్గుతో ఎర్రబడ్డాడు. ఆర్డిత్ కలం మూత పెట్టేసింది. నిజమైన మనిషి ఒక్కరున్నా చాలనీ, తెరను ఉంచుదామనీ తేల్చేసింది.

సోమవారం నుంచి నార్మన్‌కు కొత్త ఉద్యోగం ఇచ్చారు. అద్దాల గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, పదిమందీ చూస్తుండగా భయపడటం.