రెండో గేటు రోగి

ఆ ఉదయం ప్రవళిక పెట్టుకున్న పని ఒక్కటే, ఉద్యోగం ఖాయం చేసే పదకొండు గంటల పరీక్షలో గట్టెక్కడం. ఫార్మసీ చదువు ముగించి, నానక్‌రామ్‌గూడలో ఒక మందుల భద్రత ఆఫీసులో మూడు నెలలుగా శిక్షణలో ఉంది. ఏ మందు ఎవరికి ఏ చెడు చేసిందో కంప్యూటర్లోకి ఎక్కించడం అక్కడి పని. కేసు కావాలంటే నాలుగు ఉండాలి: రోగి, ఆ సంగతి చెప్పే మనిషి, మందు, జరిగిన చెడు. ఇంకో కఠిన నియమం కూడా ఉంది. ఆఫీసుకు ఈ పని అప్పగించిన మందుల కంపెనీయే క్లయింటు. ఆ క్లయింటు మందు గురించి పెళ్లి పంక్తిలో విన్నా, బస్సులో విన్నా ఒక్క రోజులో రాసి తీరాలి. ప్రవళిక ఇవన్నీ ఎక్కాల్లా బట్టీ పట్టింది.

ప్రగతి నగర్ నుంచి రెండు బస్సులు మారి, షేర్ ఆటో దిగి ఆఫీసు రెండో గేటు దగ్గరికి వచ్చేసరికి కాపలాదారు ఓదెలు సెల్యూట్ కొట్టాడు. అతనికి యాభై రెండేళ్లు. నిన్న మధ్యాహ్నం అతను కుర్చీలో గురక పెట్టడం ఆమె కళ్లారా చూసింది.

"నిన్న బాగనే పండుకున్నవ్ గద కాకా," అంది నవ్వుతూ.

ఓదెలు తల దించుకున్నాడు. "జలుబుకు తుమ్మోనిల్ గోలి ఏసుకున్న బిడ్డా. రెండు గంటలు కండ్లు తెరువరాలే."

ప్రవళిక నవ్వు ఆగిపోయింది. తుమ్మోనిల్ తమ క్లయింటు మందే. రోగి ఎదురుగా ఉన్నాడు, మందు పేరు చెప్పాడు, చెడు జరిగింది, చెప్పిందీ అతనే. పరీక్ష రోజున దేవుడే కేసు పంపాడనుకుంది.

రోగి పేరు దాచాలి కాబట్టి 'ఓ.' అని మాత్రమే రాసింది. వయసు, వృత్తి, రెండు నుంచి నాలుగు దాకా గాఢనిద్ర, చోటు మన రెండో గేటు. మందు రాసిచ్చిన డాక్టరు ఎవరన్న గడిలో, ఓదెలును అడిగి, మందుల షాపాయన అని నిజాయితీగా నింపింది. ఆ గేటు దగ్గర 'ఓ' అక్షరం కాపలాదారులు ఎంతమంది ఉంటారో ఆలోచించమని ఏ నియమమూ చెప్పలేదు.

మేనేజరు చలపతిరావు గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా 'అండీ' వదలని మనిషి. కేసు చూసి మురిసిపోయి, నీకు వేరే పరీక్ష అక్కర్లేదమ్మా, ఇదే పరీక్ష అన్నాడు. చోటు ఆఫీసు ఆవరణ కాబట్టి ఒక కాపీ భవనం చూసుకునే విభాగానికీ పంపాడు. వాళ్లకు అందులో మందు కనబడలేదు, రెండు గంటల నిద్రే కనబడింది. మధ్యాహ్నానికల్లా సెక్యూరిటీ ఏజెన్సీ సూపర్‌వైజర్ రవీందర్ దిగాడు. రేపటి నుంచి రావద్దని ఓదెలుకు చెప్పేశాడు.

ప్రవళికకు అన్నం సహించలేదు. తన ఉద్యోగం గట్టిపడటానికి ఇంకొకరి ఉద్యోగం ఊడుతోందని ఏడుపొచ్చింది. కేసు తీసేయమని చలపతిరావును బతిమాలింది.

"ఎక్కిన కేసు తీయడం ఉండదమ్మా. కొత్త సంగతేదైనా ఉంటే కలపొచ్చంతే."

సరే అని, 'దీనివల్ల రోగి ఉద్యోగం పోతోంది' అని కలిపింది. కొరివితో తల గోక్కున్నట్టయింది. బతుకుతెరువు దెబ్బతింటే చలపతిరావు లెక్కలో అది తీవ్రమైన కేసు. తీవ్రమైనదైతే పదిహేను రోజుల్లో ప్రభుత్వానికి చేరాలి. క్లయింటు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మాత్రల బ్యాచ్ నంబరు, నిద్రకు వేరే కారణాలేమైనా ఉన్నాయా అన్నదీ గంటలో కావాలన్నారు. చలపతిరావు చెమటలు తుడుచుకుంటూ ప్రవళికనూ రవీందర్‌నూ వెంటేసుకుని గేటుకు పరుగెత్తాడు.

"ఆ మాత్రల షీటు ఒకసారి ఇప్పించండి ఓదెలుగారూ," అన్నాడు. ఆరేళ్లుగా రోజూ ఆ గేటు దాటుతున్న ఆయన ఓదెలును 'గారూ' అనడం అదే మొదలు.

ఓదెలు జేబులోంచి షీటు తీశాడు. పదికి పది మాత్రలూ అందులోనే ఉన్నాయి.

"ఏసుకోలే సార్," అన్నాడు మెల్లగా. "ఏసుకుంటే నిద్రొస్తదని షాపాయన చెప్పిండు. డ్యూటీల నిద్రపోతే ఇజ్జత్ పోతదని జేబులనే పెట్టుకున్న. బిడ్డ అడిగేసరికి షరమై గట్లన్న."

చలపతిరావు మెట్టు మీద కూలబడ్డాడు. మందే పడని కేసును ప్రభుత్వం గుమ్మం దాకా తెచ్చిన ఘనత తనదే. ప్రవళిక మాత్రం ఫోనులో 'ఇతర కారణాలు' గడి తెరిచి, మరి నిద్ర ఎందుకొచ్చిందని అడిగింది.

ఓదెలు ఒకసారి రవీందర్ వైపు చూశాడు. "రాత్రి జీడిమెట్ల గోదాం కాడ డ్యూటీ. ఆడుండే మనిషి ఊరికి పోయిండు, వచ్చేదాక జర చూస్కో అన్నడు ఈ సారు. నెలాయె. పొద్దుగాల దిగి సీద ఈడికే వస్త."

పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు. ప్రవళిక ఒళ్లు మండింది. ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాస్తూ, ఏజెన్సీ పూర్తి పేరు చెప్పమని రవీందర్‌ను అడిగింది. ఇదంతా ఎక్కడికి పోతుందని అతను అడిగాడు. క్లయింటుకు, అక్కడి నుంచి ప్రభుత్వానికి అని చెప్పింది.

రవీందర్ గొంతు తగ్గింది. "ఆయన్ని తీసేస్తలేం మేడం. ఇయ్యాల్టి సంది రాత్రి డ్యూటీ గూడ లేదు. గది మాత్రం రాయకుండ్రి."

"విన్నది రాయాలె, అది రూలన్నా," అంది ప్రవళిక. "ఇప్పుడు మీరన్నది గూడ రాస్తున్న."

రాసింది కాబట్టి అతను మాట మీద నిలబడక తప్పలేదు. వారం తిరిగేసరికి ప్రవళిక ఉద్యోగం పర్మనెంట్ అయింది. తమ మాత్రకు మచ్చ రాలేదన్న సంతోషంలో క్లయింటు ఓదెలుకు ఒక శాలువా, 'ఆదర్శ రోగి' అన్న ప్రశంసాపత్రం పంపింది. అతని భార్య బాలమ్మ దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది. తుమ్మోనిల్‌తో ఇంత మేలు పొందిన రోగి మరొకరు లేరు, అదీ వేసుకోకుండా.