అంటు కట్టిన వంకాయలు

ఆ రోజు పొద్దున సుందరరాజు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బందరు నుంచి మిషను బళ్ళ ఇన్‌స్పెక్టరుగారు వస్తారు. కాపు మీదున్న బడితోట చూస్తారు. ఆయన ఎదుటే పిల్లలు కూరగాయలు కోస్తారు, వంటమనిషి రాజమ్మ వండుతుంది, అందరూ కలిసి తింటారు. తోట ఉంచాలా, ఎత్తేయాలా అన్నది ఇన్‌స్పెక్టరుగారు తేల్చేది ఆ పూటే.

గూడూరు దగ్గరున్న ఆ బడి బోర్డింగులో పిల్లలకు ఒకప్పుడు రెండు పూటలా చారే. మాస్టారి భార్య జ్ఞానమ్మ ఉప్పునేల మీద కాలవ ఒండ్రు పోయించి, పిల్లలకు పని నేర్పుతూ తోట వేసింది. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి ఆవిడ కన్నుమూసింది. నందివాడ పుట్టింటి నుంచి ఆవిడ తెచ్చుకున్న తెల్లవంగ మాత్రం ఇంకా కాస్తూనే ఉంది. మళ్ళీ ఏటి విత్తనానికని ఒక కాయను మాస్టారు మొక్కనే ముదరనిచ్చారు. పొద్దున్నే దాన్ని చూసుకోనిదే ఆయన కాఫీ ముట్టరు.

ఆయన నీళ్ళ సంగతి మాట్లాడడానికి కాలవకి నీళ్ళొదిలే లస్కరు దగ్గరికి వెళ్ళారు. ఇంతలో హెడ్మాస్టరు ధర్మారావుగారు వరండాలోంచి కేకేశారు.

"రాజమ్మా! ఇన్‌స్పెక్టరుగారొచ్చేసరికి తోటలో ఏమీ మిగలకూడదు. శుభ్రంగా తీయించెయ్!"

ఆయన అన్నది చెత్త గురించి. రాజమ్మ అనుకున్నది కూరగాయల గురించి. అడక్కుండా కాయ కోస్తే చెవి మెలిపడే తోటలోకి పిల్లలందర్నీ బుట్టలిచ్చి తోలిందామె. వాళ్ళు పిందెల్ని కూడా వదల్లేదు.

మాస్టారు తిరిగొచ్చి గట్టు మీదే నిలబడిపోయారు.

"ఏమిటిది రాజమ్మా?"

"ఏమీ మిగలకూడదన్నారు కదండీ హెడ్మాస్టారుగారు!"

"చెత్తమ్మా తల్లీ! చెత్త!" ధర్మారావుగారు నెత్తి బాదుకున్నారు.

మాస్టారు తెల్లవంగ మడి దాకా వెళ్ళి వచ్చారు.

"ఆ ముదురుకాయేదమ్మా?"

"పులుసులో వేశానండీ. ముదురుకాయైతే పులుసుకి బావుంటుందని..." ఆయన మొహం చూసి రాజమ్మ నాలిక కరుచుకుంది.

"సరేలేమ్మా," అన్నారాయన. కండువాతో మొహం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

ఏడవడానికి వ్యవధి లేదు. ధర్మారావుగారు పురమాయించగా పిల్లలు అరటినార చీల్చి, పొయ్యెక్కని కాయలన్నిటినీ మళ్ళీ మొక్కలకు కట్టేశారు. జీపు చప్పుడు వినపడేసరికి తొందర ఎక్కువై, ఏ కాయ ఏ మొక్కదో చూసుకోలేదు.

ఇన్‌స్పెక్టరు ధనరాజుగారు పట్నంలో పుట్టి పెరిగిన మనిషి. వంకాయను బజారు బుట్టలో తప్ప చూసి ఎరగరు. ఒక మొక్క దగ్గర ఆగిపోయారు.

"ఇదేమిటండీ! ఒకే మొక్కకి తెల్లవంకాయా, నల్లవంకాయా?"

"కట్టారండీ... అంటు కట్టారండీ," అన్నారు ధర్మారావుగారు చెమట తుడుచుకుంటూ. "మా మాస్టారి చెయ్యి అలాంటిదండీ."

"మరి బెండమొక్కకి దోసకాయ?"

"అదింకా ప్రయోగంలో ఉందండీ."

మాస్టారు నిజం చెప్పేద్దామని నోరు తెరిచారు. ఎదురుగా పిల్లలు నారమరకల చేతులు వీపు వెనక దాచుకుని వరసగా నిలబడి ఉన్నారు. తోట పోతే వాళ్ళకు మళ్ళీ చారే. ఆయన నోరు మూసుకున్నారు.

భోజనాల దగ్గర పులుసు వడ్డించారు. ఉడికిన విత్తనం మొలవదని పిల్లలకు పాఠం చెప్పింది మాస్టారే. అయినా పులుసులోంచి ఒక్కొక్క గింజే ఏరి ఆకు అంచున పెట్టుకుంటూ కూర్చున్నారు.

"తినరేమండీ?" అన్నారు ధనరాజుగారు.

"తింటున్నానండీ."

చెయ్యి కడుక్కుని ధనరాజుగారు తీర్పు చెప్పారు. "ఈ తోట ఉండి తీరాల్సిందే!" పిల్లలు చప్పట్లు కొట్టారు. "కానీ ఇంత విద్య ఉన్న మనిషి ఈ మూల పడి ఉండకూడదు. అనంతపురం వైపు మన ట్రైనింగు స్కూలుకి మిమ్మల్ని మారుస్తున్నాను మాస్టారూ. పై నెలలోనే చేరాలి."

చప్పట్లు ఆగిపోయాయి.

"అయ్యగారూ, అవన్నీ నారతో కట్టినవండీ," అన్నారు మాస్టారు. "పొరపాటున కోసేసి మళ్ళీ కట్టాం. నాకే విద్యా లేదండీ. నన్నిక్కడే ఉండనివ్వండి. నా మనిషి ఇక్కడే ఉంది."

ధర్మారావుగారు దూలాల వంక చూశారు. ధనరాజుగారు కడుపుబ్బ నవ్వారు.

"చూశారా, ఎంత అణకువో! ఉపాధ్యాయుడంటే ఇలా ఉండాలి."

పై నెలలో మాస్టారు బస్సెక్కుతుంటే రాజమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నా చేతులు పడిపోనూ! ఆ కాయ పులుసులో వెయ్యకపోయినా బావుండేదండీ."

"పిల్లలు తిన్నారు కదమ్మా. తను తోట వేసింది వాళ్ళు తినాలనేగా," అని ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

కోతకి నలిగిన మొక్కలు మళ్ళీ పూయలేదు. ఎండాకాలానికి నీళ్ళు పెట్టించేవాళ్ళు లేక ఉప్పు పైకి తేలి మళ్ళన్నీ తెల్లబడ్డాయి.

మాస్టారు వెళ్ళి చేరిన ట్రైనింగు స్కూల్లో తోట లేదు, తోటల మీద ఉపన్యాసాలు మాత్రం ఉన్నాయి.