మిగిలినవారికే ముందు వంతు

వచ్చే ఆదివారం కేశవులు షష్టిపూర్తి. గుత్తిలో బట్టల కొట్టు నడిపే ఆయన సోమవారం ఉదయం వేసుకున్న పథకం చిన్నదే: ఆ రోజు, వారానికి ఒక్కసారే వచ్చే నీళ్ళ ట్యాంకరు వీధిలో అందరికన్నా ముందు తన ఇంటి దగ్గర ఆగాలి. చిలమత్తూరు నుంచి భార్య లలితమ్మ పుట్టింటివారు బస్సు మాట్లాడుకుని వస్తున్నారు. దంపతులకు మంగళస్నానం చేయించాలన్నా, వచ్చినవారు కాళ్ళు కడుక్కోవాలన్నా నీళ్ళే కావాలి. కేశవులు ఇల్లు వీధి చివర. ట్యాంకరు అక్కడికి చేరేసరికి పైపులోంచి నీళ్ళకన్నా గాలి ఎక్కువ వస్తుంది.

ఈసారికి ముందు నాకు పోయించండి అని అడిగితే సరిపోయేది. కానీ కేశవులు తత్త్వగ్రంథాలు చదివే మనిషి. సొంత అవసరాన్ని సిద్ధాంతంగా మార్చుకోనిదే నోరు తెరవలేడు. పైగా వీధి సంఘానికి అధ్యక్షుడు.

"మనిషి చెప్తే వినడప్పా, ఆశ చూపిస్తే వింటాడు," అన్నాడు ఆ సాయంత్రం సమావేశంలో. "ట్యాంకరు వచ్చే ముందురోజు డ్రైవరు ఓబిలేష్ ఒక్కో సంపులో కర్ర ముంచుతాడు. నీళ్ళు ఎవరికి ఎక్కువ మిగిలింటే వాళ్ళకు ముందు వంతు. సంపు ఎండబెట్టుకున్నోళ్ళకు ఆఖరు వంతు."

ఎదురింటి చెన్నమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "నీళ్ళు ఉండేటోళ్ళకే ముందు నీళ్ళు పోయాల్నా? ఇదేం న్యాయం కేశవులూ?"

"అది పొదుపుకు బహుమానంలే అక్కా."

తన ఇంట్లో ఉండేది ఇద్దరే. తక్కిన ఇళ్ళన్నీ పిల్లాజెల్లాతో నిండినవి. నియమం అంత న్యాయంగా తోచడానికి అదే కారణమని కేశవులుకు లోలోపల తెలుసు. తెలిసిన విషయాన్ని తెలియనట్టు ఉంచుకోవడానికే తాను ఇన్నేళ్ళు అంత చదివానేమోనని కూడా ఒక క్షణం అనిపించింది. ఆ క్షణాన్ని గౌరవంగా సాగనంపాడు.

మరునాడే ఫలితం కనిపించింది. పక్కింటి పుల్లన్న తోటపని ముగించుకుని, సొంత గుమ్మం దాటుకుని మరీ వచ్చాడు. "లలితమ్మా, రెండు చెంబులు నీళ్ళు పోయమ్మా, కాళ్ళు కడుక్కుంటా." బుధవారం చెన్నమ్మ గుడ్డల మూట తెచ్చింది. గురువారం ఆమె కోడలు తలకు నూనె పెట్టుకుని వచ్చింది. శుక్రవారానికి కేశవులు వాకిట్లో బకెట్లు వరుస కట్టాయి.

"లేవని చెప్పొచ్చు కదా," అన్నాడు కేశవులు.

"ఇంటికొచ్చి నీళ్ళడిగినోళ్ళకు లేవని చెప్పే నోరు మా నాయన నాకు ఇయ్యలేదు," అంది లలితమ్మ. "మీకుంటే మీరే పోయి చెప్పండి. చెన్నమ్మక్క వాకిట్లోనే ఉండాది."

కేశవులు కండువా సర్దుకుని వాకిట్లోకి నడిచాడు. గొంతు సవరించుకున్నాడు.

"చెన్నమ్మక్కా, ఈ బకెట్టు చిల్లు పడినట్టుంది. మా ఇత్తళి బిందె తీసుకోపో."

ఆనాటినుంచి అధ్యక్షులవారు బస్టాండులో స్నానం చేయసాగారు. తువ్వాలు భుజాన వేసుకుని తిరిగివస్తూ ఆలోచించాడు. వీధి నీళ్ళు పొదుపు చేయడం నేర్చుకోలేదు, ఎవరి నీళ్ళు వాడాలో నేర్చుకుంది. మనిషికి ఆశ చూపాలన్న తన సిద్ధాంతం నూటికి నూరుపాళ్ళూ నిజం. అదే బాధ.

శనివారం ఓబిలేష్ ముంచిన కర్ర కేశవులు సంపు అడుగున టక్కుమని తగిలి, పొడిగా బయటికొచ్చింది.

"ఆఖరు వంతు నీదే అన్నా. నువ్వు పెట్టిన రూలే."

రద్దు చేయవచ్చు. కానీ ఓడినవాడు నియమాన్ని రద్దు చేస్తే లోకం ఏమంటుందో ఆయనకు తెలుసు. ఇంకొకరు ఓడి ఉంటే ఆ మాట తానే అనేవాడు.

ఆదివారం ట్యాంకరు వీధంతా నింపి, కేశవులు సంపులోకి కాస్త ఊది, చీలమండ లోతు బురదనీళ్ళు విదిల్చి వెళ్ళిపోయింది. వెనకాలే చిలమత్తూరు బస్సు ఆగింది. దుమ్ము కొట్టుకుపోయిన బంధువులు దిగారు. అయ్యవారు కలశాలు వరుసగా పెట్టి, నీళ్ళేవని చూశారు. నిండు అరవయ్యేళ్ళ జీవితం ఒట్టి చెంబుతో ముగియబోతున్నట్టు కేశవులుకు చెమటలు పట్టాయి. స్నానం మాట అటుంచి, ఆ చెమటకే ఒళ్ళు తడిసింది.

లలితమ్మ మాత్రం బంధువులకు ఎదురుగా నిలబడి చేయి చాపింది. "అన్నా, మీరు పుల్లన్న ఇంటికి పోయి అడగండి. వదినా, మీరు ఆ పచ్చ గేటు ఇంటికి. మేము చెన్నమ్మక్క ఇంటికి పోతాండాం. ఈ వీధిలో ఎవరూ లేవనరు."

ఒళ్ళంతా పసుపు పూసుకున్న దంపతులు కలశాలతో గుమ్మంలో నిలబడేసరికి చెన్నమ్మ మొహం ముడుచుకుంది. లేవనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి పోయింది.

"రాండప్పా," అంది. "సంపు నిండుగా ఉండాది. ఏం చేస్తాం."

మంగళస్నానం చెన్నమ్మ పెరట్లోనే జరిగింది. వంటపాత్రలు పుల్లన్న ఇంట్లో కడిగారు. సాయంత్రానికి వీధిలోని సంపులన్నీ అడుగంటాయి. మర్నాటికి ఇంకో ట్యాంకరు మాట్లాడక తప్పలేదు. నియమం ప్రకారం ఓబిలేష్ మళ్ళీ కర్ర ముంచుకుంటూ వచ్చాడు. అన్ని ఇళ్ళలోనూ పొడి కర్రే. ఎవరూ ముట్టని చీలమండ లోతు నీళ్ళు ఒక్క కేశవులు సంపులోనే ఉన్నాయి.

"ముందు వంతు నీదే అన్నా," అన్నాడు ఓబిలేష్, నవ్వు ఆపుకుంటూ.

పొదుపులో ఆదర్శంగా నిలిచినందుకు సంఘం అధ్యక్షుణ్ణి అభినందించింది. పథకం మొదలయ్యాక వీధికి వారానికి రెండు ట్యాంకర్లు వస్తున్నాయి.