చర్రా బందూకుకు నూనె పెట్టిన వైనం

జాతర నాడు పొద్దున్నే బందూకు బాగుచేసుకుని, మధ్యాహ్నానికల్లా బామ్మర్ది ముందు తలెత్తుకోవాలన్నది మెట్‌పల్లి దర్జీ సిద్దిరాములు వేసుకున్న ప్లాను. కిందటేడు జాతరలో బామ్మర్ది కైలాసం చర్రా బందూకు పేల్చిన ప్రతిసారీ ఒక గాలి బుడగ పగిలింది. సిద్దిరాములు పేల్చినప్పుడల్లా గుడారానికి చిల్లు పడింది. చివరికి దుకాణంవాడే చేతులు జోడించాడు. ఆ అవమానం దిగమింగలేక సిద్దిరాములు ఒక పాత స్ప్రింగు బందూకు కొన్నాడు. తప్పు తన చేతిది కాదు, జాతర బందూకు స్ప్రింగుదే అని నమ్మితే మనసుకు హాయిగా ఉంటుంది.

స్ప్రింగు ఊడదీసి తుడిచాడు. లోపల గాలిని నెట్టే తోలు వాషరు ఎండిపోయి ఉంటే కుట్టుమిషను నూనె పోశాడు. ఒక చుక్క చాలని తెలుసు. కానీ కొలత పాటించే మనిషే అయితే ఆయన కుట్టిన లాగులు అంత వదులుగా ఎందుకుంటాయి?

"ఏందయ్యా, బందూకుకు తాలింపు వెడ్తున్నవా?" అంది భార్య నర్మద.

"నీకేమెర్క? దీనికి గిప్పుడు దమ్మొస్తది సూడు!" అంటూ చిన్న సీసపు గుండు, అదే చర్రా, ఒకటి బందూకులో వేసి, వాకిలి గోడకు అంటించిన కాగితానికి గురిపెట్టి మీట నొక్కాడు.

దమ్ము నిజంగానే వచ్చింది. లోపలి నూనె భగ్గున మండి, అసలు తుపాకిలా ఢామ్మని పేలింది. చర్రా కాగితాన్ని వదిలేసి, గోడ దాటి, పక్కింటి శంకరవ్వ కొత్తగా పెట్టించుకున్న కరెంటు బల్బును పలకరించింది.

ఆ చప్పుడుకు చాయ్ హోటల్లో ఉన్న ఎస్సై, జవాను హనుమండ్లు పరుగెత్తుకొచ్చారు. ఎస్సై గుంటూరు వైపు నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు.

"సారూ! గీ సిద్దిరాములు నా బుగ్గ పలగ్గొట్టిండు!" అని శంకరవ్వ గోలపెట్టింది.

ఎస్సై ఆమె రెండు చెంపలూ పరీక్షగా చూశాడు. "ఏ బుగ్గమ్మా?"

"ఏ బుగ్గేంది సారూ, మాకున్నదే ఒక్క బుగ్గ! మొన్ననే పెట్టిచ్చుకున్నం. రాత్రయితే మస్తు ఎలుగుతుండె."

ఎస్సై టోపీ తీసి నెత్తి తుడుచుకున్నాడు. "బుగ్గంటే బల్బు సార్" అని హనుమండ్లు చెవిలో చెప్పాడు. అప్పటికే వీధంతా నవ్వుతోంది. నవ్విన వాళ్ళందరినీ పట్టుకుపోవడం కుదరక ఎస్సై సిద్దిరాములు మీద పడ్డాడు.

"కావాలనే కొట్టావు కదూ?"

"అవ్ సారూ! ఎలుగు కండ్లల్ల వడ్తుందని రోజు లొల్లి వెడ్తడు" అంది శంకరవ్వ.

"సూసి కొట్టుడు నాతోని అయితదా సారూ? నాకు గురే లేదు. కావాల్నంటె మా బామ్మర్దినడుగుండ్రి!"

అప్పుడే వచ్చిన కైలాసం సంతోషంగా సాక్ష్యం చెప్పాడు. "నిజమే సార్. మా బావ బందూకు వట్టినప్పుడు గురి ముంగట నిలవడుడే పదిలం."

"అయితే ఆ కాగితాన్ని కొట్టు. తప్పితే వదిలేస్తాను. తగిలితే మాత్రం బందూకుతో సహా స్టేషనుకే" అన్నాడు ఎస్సై.

సిద్దిరాములుకు ప్రాణం లేచొచ్చింది. తప్పించడానికి ప్రత్యేకంగా కష్టపడనక్కరలేదు, ఎప్పటిలాగే శ్రద్ధగా గురి చూస్తే చాలు. చూశాడు. ఎక్కువైన నూనె మొదటి దెబ్బకే కాలిపోయి బందూకు దారికొచ్చిందని ఆయనకేం తెలుసు? ఈసారి అది టప్‌మని మర్యాదగా పలికింది. కాగితం నడిమి చుక్కలో చిల్లు పడింది.

"చెయ్యి జారింది సారూ! ఇంకొక్కపారి!"

రెండో చర్రా కూడా అదే చిల్లులోంచి వెళ్ళింది. కైలాసం తెరిచిన నోరు మూయలేదు.

"ఎటన్న తప్పిచ్చి కొట్టరాదయ్యా!" నర్మద నెత్తి కొట్టుకుంది.

హనుమండ్లు సిద్దిరాములు రెక్క పట్టుకున్నాడు. కానీ బామ్మర్ది ముఖం చూస్తే ఆనందం ఆగలేదు. గోడ మీది కాగితం చింపి చేత పట్టుకుని, స్టేషనుకు దగ్గరి దారి వద్దని, జాతర నడుమ నుంచి తీసుకుపొమ్మని హనుమండ్లును బతిమాలుకున్నాడు.