పన్నెండు వేల ఏళ్ళనాటి మందారం

ఆ బుధవారం పొద్దున బురదమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా నలభై ఏడో స్లైడులో మూడువందల పుప్పొడి రేణువులు లెక్కపెట్టాలి. క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని భోజనం చేయాలి. సాయంత్రం ఆరునెలల నివేదిక గైడు గారి బల్లమీద పెట్టి గదికి పోవాలి. నాలుగేళ్ళుగా ఆమె దినచర్య ఇంచుమించు ఇదే కాబట్టి, ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదనే ఎవరైనా అనుకుంటారు.

బురదమ్మాయి అన్నది విభాగంలో వాళ్ళు పెట్టిన పేరు. అసలు పేరు గుర్తింపు కార్డు మీద ఉండేదే తప్ప ఎవరి నోటా వినబడి చాలాకాలమైంది. సరస్సు అడుగునుంచి గొట్టంతో తీసిన బురదను పొరలు పొరలుగా కోసి, ఒక్కో పొరనూ యాసిడ్‌లో ఉడికించి, మిగిలిన పుప్పొడిని మైక్రోస్కోపు కింద చూడటం ఆమె పరిశోధన. ఏ పొరలో ఏ చెట్ల పుప్పొడి ఉందో తెలిస్తే, ఆ పొర పడిన రోజుల్లో చలి ఎంతో, వాన ఎంతో చెప్పవచ్చు. అదే గదిలో ఒకప్పుడు ఇంకో ముగ్గురు ఉండేవారు. కంప్యూటరు మీద వాతావరణం లెక్కలు కట్టే పనిలో చేతికి మట్టి అంటదని, పక్కన నలుగురు మనుషులు కూడా ఉంటారని, వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అటు మారిపోయారు. మూడు ఖాళీ కుర్చీల మధ్య ఆమెకు ఒంటరిగా ఉండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. చెప్పుకోవడానికి మనిషంటూ ఉంటే ఆ మాట అనాల్సిన అవసరమే ఉండదు కదా.

రెండువందల ఎనభై ఏడో రేణువు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. పెద్దది, గుండ్రంది, ఒళ్ళంతా ముళ్ళతో పల్లేరుకాయలా ఉంది. పుప్పొడి బొమ్మల పుస్తకం తిరగేసింది. మందారం. ఆ పొర వయసు పన్నెండు వేల ఏళ్ళు. గడ్డకట్టించే ఆ కాలపు చలిలో ఆ సరస్సు చుట్టూ గడ్డి కూడా బిక్కుబిక్కుమంటూ బతికేది. వెచ్చటి నేలలో పూసే మందారానికి అక్కడ ఏం పని?

ఇంకోటి కూడా ఆమె కంటపడింది. యాసిడ్‌లో ఉడికిన రేణువు లోపలంతా కరిగిపోయి డొల్లగా మిగులుతుంది. ఇది మాత్రం లోపల నిండుగా, నిన్నగాక మొన్న పువ్వులోంచి రాలినట్టు నిగనిగలాడుతోంది. సంగతేమిటో అడుగుదామని గైడు గారి గదికి వెళ్ళింది.

గైడు గారికి ఒక అలవాటు ఉంది. ఎదుటివాళ్ళ వాక్యంలో మొదటి సగం విని, రెండో సగం తానే పూర్తిచేసుకుంటారు. పైగా ఆ అతిశీతల కాలం మధ్యలో కొన్నాళ్ళు వెచ్చదనం వచ్చి పోయిందని ఇరవై ఏళ్ళుగా వాదిస్తున్నారు. ఆ మాట నమ్మినవాడు ఇంతవరకు పుట్టలేదు.

"సార్, ఆ పన్నెండు వేల ఏళ్ళ పొర ఉంది కదా, అందులో మందార రేణువు కనపడింది. కానీ..."

"మందారమా?" గైడు గారు లేచి నిలబడ్డారు. "ఇంకా కానీ ఏంటమ్మా. ఇరవై ఏళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదే కదా."

"అది కాదు సార్, లోపల నిండుగా ఉంది."

"నిండుగా ఉంటే మంచిదేగా. బాగా నిలవుందన్న మాట."

ఆయన అప్పటికే వరండాలో ఉన్నారు. పదకొండు గంటలకల్లా విభాగాధిపతికి తెలిసింది. పన్నెండుకల్లా పై వారం శుక్రవారం ప్రత్యేక సదస్సు అని నోటీసు అంటించారు. మర్నాటికి ప్రచార విభాగం వాళ్ళు మనిషెత్తు పోస్టరు ఒకటి తయారుచేశారు. అందులో ఒకపక్క రేణువు, ఒకపక్క ఎర్రటి మందారపువ్వు, మధ్యలో ‘మంచులో విరిసిన పువ్వు’ అన్న అక్షరాలు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా రుజువే కాని వెచ్చదనానికి అప్పుడే పేరు కూడా పెట్టేశారు. గైడు గారి ఆజన్మ ప్రత్యర్థి, ఇసుక పొరలు పరిశీలించే ఇసుక ప్రొఫెసరు మాత్రం వరండాలో నిలబడి, "ఎలాగూ వెతుకుతున్నారు కదా, కాసిని మల్లెపూలు కూడా దొరుకుతాయేమో చూడమనండి" అన్నారు. ఆ రాత్రినుంచే ఆయన ఖండన రాయడం మొదలుపెట్టారని కూడా తెలిసింది.

బురదమ్మాయి విభాగాధిపతి దగ్గరికి వెళ్ళింది. "సార్, అది కొత్త రేణువేమో అని నా అనుమానం."

"కొత్తదే కదమ్మా, ఇంతకుముందు ఎవరికీ దొరకలేదు," అన్నారాయన. "నీకు వినయం ఎక్కువ. పైకొస్తావు."

ఆమె ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండవచ్చు. చెప్పకపోవడానికి కారణం క్యాంటీను. గురువారం మధ్యాహ్నం ఆమె పళ్ళెం పట్టుకుని కిటికీ పక్కన కూర్చోగానే, కంప్యూటరు గదిలో కొత్తగా చేరినవాళ్ళు నలుగురు వచ్చి చుట్టూ కుర్చీలు లాక్కున్నారు.

"మీరు రోజూ ఇక్కడే కూర్చుంటారా?" అని ఒకామె అడిగింది.

"నాలుగేళ్ళుగా."

"అవునా? ఎప్పుడూ చూళ్ళేదే."

అయినా ఆ మాటకు బురదమ్మాయికి కోపం రాలేదు. వాళ్ళు ఆమె పేరు అడిగారు, చెబితే గుర్తుపెట్టుకున్నారు. శుక్రవారం ఆమెకోసం ఒక కుర్చీ పట్టి ఉంచారు. సోమవారం ఆమె చెప్పిన చిన్న జోకుకు నవ్వారు కూడా. ఆ జోకు ఆమె మూడేళ్ళుగా దాచుకున్నది, చెప్పడానికి మనిషి దొరకలేదు అంతే. నిజం చెబితే ఆ కుర్చీలన్నీ మళ్ళీ ఖాళీ అవుతాయని ఆమెకు తెలుసు. అందుకే చెప్పే పని రేపటికి, రేపటినుంచి ఎల్లుండికి జరుపుకుంటూ వచ్చింది.

అలాగని ఊరుకోలేదు. అదే పొరనుంచి ఇంకో నాలుగు స్లైడులు చేసింది. ఒక్కోదానిలో మూడువందల చొప్పున పన్నెండువందల రేణువులు లెక్కపెట్టింది. గడ్డి దొరికింది, గడ్డి తర్వాత గడ్డే దొరికింది. మందారం జాడ లేదు.

సదస్సు రోజు పొద్దున్నే ప్రయోగశాల తాళాలు తీసుకోవడానికి కింద గదికి వెళ్ళింది. తాళాలు చూసే పెద్దావిడను ఆమె పిన్నీ అని పిలుస్తుంది. మొత్తం భవనంలో ఆమెను ‘తిన్నావా’ అని అడిగేది ఆవిడ ఒక్కతే. గోడకు అంటించిన పోస్టరు ముందు నిలబడి ఉందావిడ.

"ఏంటమ్మాయ్, నా పువ్వు బొమ్మ ఇంత పెద్దది చేసి పెట్టారు?"

"మీ పువ్వేంటి పిన్నీ?"

"అదిగో, ఆ కుండీలోదే." కిటికీలో మందారమొక్క ఉంది. అందరూ రోజూ దాని ముందునుంచే నడుస్తారు. కానీ భూమిని చదివేవాళ్ళు తలెత్తి నడవరు. "మొన్న మంగళవారం కాదు, అంతకుముందు మంగళవారం నీ పుట్టినరోజు కదా. పోయినేడు తాళాలు తీసుకుంటూ చెప్పావు, నేను రిజిస్టరు అంచున రాసి పెట్టుకున్నా. పొద్దున్నే ఓ పువ్వు బీకరులో పెట్టి నీ మైక్రోస్కోపు పక్కన ఉంచా."

"నేను చూళ్ళేదే."

"ఎక్కడ చూస్తావు. రోజంతా ఆ యాసిడ్ గదిలోనే ఉంటివి. సాయంత్రం వచ్చి, బీకరు అడ్డొచ్చిందని చేత్తో పక్కకి తోశావు. తాళాలకని వచ్చిన నన్నూ చూళ్ళేదు, కళ్ళు గాజుముక్క మీదే. వాడిపోయింది కదా అని నేనే తీసేశా."

బురదమ్మాయికి అప్పుడు గుర్తొచ్చింది. మూత వేయని స్లైడు, చేతికి తగిలిన చల్లటి బీకరు. ఆ రోజు ఎవరికీ తన పుట్టినరోజు గుర్తులేదని గదికి వెళ్ళి ఏడ్చిన సంగతి కూడా గుర్తొచ్చింది. అన్నయ్య సందేశం రెండు రోజుల తర్వాత గానీ రాలేదు. తాళాలు పట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

"పువ్వు పెట్టకూడదా ఏంటి?" అంది పిన్ని, కంగారుగా.

"పెట్టొచ్చు పిన్నీ," అంది బురదమ్మాయి. ప్రయోగశాల నిబంధనల్లో మొదటిది పువ్వులు తేకూడదన్నదే.

హాలు నిండింది. క్యాంటీను మిత్రులు ముందువరుసలో కూర్చుని చేతులూపారు. ఇసుక ప్రొఫెసరు ఒళ్ళో నలభై పేజీల ఖండన పెట్టుకుని మొదటి తప్పుకోసం కాచుకుని ఉన్నారు. గైడు గారు ఆమెను పరిచయం చేస్తూ పావుగంటసేపు తన గురించి చెప్పుకున్నారు. ఆమె మైకు ముందుకు వచ్చింది.

"ఈ రేణువు వయసు పన్నెండు వేల ఏళ్ళు కాదండీ," అంది. "పది రోజులు."

మూత వేయని స్లైడు మీద బల్లమీది పువ్వునుంచి పుప్పొడి రాలిందని చెప్పింది. తర్వాత మందారం లేని నాలుగు స్లైడుల లెక్క చూపించింది, నిండు రేణువుకూ డొల్ల రేణువుకూ తేడా చూపించింది. ముందువరుసలో చేతులు ఒళ్ళోకి దిగిపోయాయి.

విభాగాధిపతి లేచారు. "పువ్వులు నిషేధమని తలుపు మీద ఉంది కదా. ఎవరు తెచ్చారు?"

పేరు చెబితే పిన్నికి మెమో ఖాయం. "నేనేనండీ. ఆ రోజు నా పుట్టినరోజు. నాకు నేనే పెట్టుకున్నాను."

హాలంతా ఆమెవైపే చూసింది. తప్పు చేసినదాన్ని చూసే చూపులు కావవి, జాలి చూపులు. వాటికంటే తప్పుపట్టే చూపులే తట్టుకోవడం తేలికని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది.

"అబద్ధమండీ," అంది వెనకనుంచి మంచినీళ్ళ ట్రే పట్టుకున్న పిన్ని. "తనకి తాను పువ్వు పెట్టుకునే పిల్ల అయితే నాకు బెంగే ఉండేది కాదు. నేనే పెట్టా. నోటీసంటారా, ఆ తలుపు ఎప్పుడూ బార్లా తీసే ఉంటుంది, నోటీసు గోడవైపు తిరిగి ఉంటుంది. కావాలంటే వెళ్ళి చూడండి."

విభాగాధిపతి నిజంగానే వెళ్ళి చూసి వచ్చారు. తలుపు తీసి ఉంచమని పోయినేడు రాతపూర్వకంగా ఆదేశించింది ఆయనే కాబట్టి, మెమో ఎవరికివ్వాలో తేలక ఆ విషయం అక్కడితో వదిలేశారు. అందరికంటే దెబ్బతిన్నది ఇసుక ప్రొఫెసరు. వారం రోజుల ఖండన ఒళ్ళో అలాగే ఉండిపోయింది. "మరి నా ప్రశ్నలు?" అని రెండుసార్లు అడిగారు. అందరూ అప్పటికే కుర్చీల్లోంచి లేస్తున్నారు.

హాలు ఖాళీ అయ్యాక గైడు గారు ఆమె దగ్గరికి వచ్చారు. ఇరవై ఏళ్ళ వాదన మళ్ళీ ఒంటరిదైపోయింది. ఆ ముఖం చూస్తే ఆమెకు జాలేసింది.

"ఆ రోజు ‘కానీ’ అన్నావు కదూ?"

"అన్నాను సార్."

"ఇకనుంచి ‘కానీ’ ముందు చెప్పు," అన్నారాయన.

సోమవారం క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల చుట్టూ కుర్చీలు ఎప్పటిలాగే ఖాళీగా ఉన్నాయి. కంప్యూటరు గదివాళ్ళు దూరంనుంచి తలూపారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కారు, వాళ్ళకు వేరే బల్ల ఉంది. బురదమ్మాయికి బాధేసింది, అనుకున్నదానికంటే ఎక్కువే వేసింది. ఒంటిగంటకు తినడం మానేసి, పిన్ని డబ్బా విప్పే రెండు గంటలదాకా ఆగి, కిందికి వెళ్ళింది. తాళాల గదిలో రెండో కుర్చీ లేదు. పిన్ని పాత రిజిస్టర్లు దొంతరగా పేర్చి, పైన తువ్వాలు పరిచి ఉంచింది.

ఆ సాయంత్రం ఆమె కల్తీ నమోదు పత్రం నింపింది. స్లైడు నలభై ఏడు. కల్తీ రేణువులు ఒకటి. కారణం అన్నచోట ‘పుట్టినరోజు’ అని రాసింది. మళ్ళీ ఇలా జరగకుండా తీసుకున్న చర్య అన్న గడిలో ‘ఏమీ లేదు’ అని రాసి సంతకం పెట్టింది.